నలుపు లేని టీవీ

మనిషి కన్ను బొత్తిగా నమ్మదగ్గది కాదనీ, కనక ఇకమీదట అనకాపల్లిలో బెల్లం రంగును టెలివిజనే నిర్ణయిస్తుందనీ, జిల్లా బెల్లం వర్ణ వికాస మండలి అధ్యక్షులు శ్రీ నానాజీ గారు మాఘమాసంలో ఒక బుధవారం పత్రికల వారిని పిలిచి ప్రకటించారు. పత్రికల వారు ఆరుగురు వచ్చారు. ప్రకటన రెండు నిమిషాల్లో అయిపోయింది. ఉప్మా, జీడిపప్పు పాకం తినడానికి మాత్రం అరగంట పట్టింది.

ఆ మండలి ఎలా పుట్టిందో కూడా చెప్పుకోవాలి. మొన్నటి ఎన్నికల్లో నానాజీ గారికి టికెట్టు ఇస్తామని చెప్పి ఇవ్వలేకపోయిన పార్టీ వారు, అంతటి మనిషి మనసు కష్టపెట్టకూడదని ఆలోచించి, అంతవరకూ ఈ భూమ్మీద లేని మండలినొకదాన్ని సృష్టించి ఆయన చేతిలో పెట్టారు. దానికి ఒక గది, ఒక కారు, దేవీప్రసాద్ అనే ఒక కార్యదర్శి ఉన్నారు. పని మాత్రం లేదు. పని లేకుండా రెండేళ్ళు ఓపిక పట్టడమంటే మాటలా. ఆయన పట్టారు. మూడో ఏట ఆయనకి టీవీ తట్టింది.

ఈ ప్రకటన జరిగేటప్పుడు కన్నారావు అదే బెల్లం మార్కెట్టు షెడ్డులో, ఆ చివర, తన ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాడు. కన్నారావంటే బెల్లం రకం చెప్పే మనిషి. నలభై ఒక్క ఏళ్ళుగా అదే పీట, అదే మూల. రైతు బెల్లం దిమ్మ తెచ్చి ముందు పెడితే దాన్ని ఒకసారి వేలి కణుపుతో కొట్టేవాడు, బొటనవేలి గోరు గుచ్చేవాడు, ముక్కు దగ్గరికి తెచ్చుకునేవాడు, ఆఖరికి ఎండ వేపు తిప్పి రంగు చూసి, ఫస్టు రకమో, రెండో రకమో, మూడో రకమో ఒక్క మాట అనేవాడు. తక్కువ చెప్పాడని రైతు తిట్టేవాడు. ఎక్కువ చెప్పాడని వర్తకుడు తిట్టేవాడు. ఇద్దరూ సమానంగా తిట్టిన రోజున కన్నారావు ఇంటికెళ్ళి సుఖంగా నిద్రపోయేవాడు.

ఆయన కన్ను అలాంటిది మరి. హుద్‌హుద్ గాలివాన వచ్చిన ఏడు, ఒకాయన తడిసిన దిమ్మలు కింద పెట్టి పొడి దిమ్మలు పైన పేర్చి బండి తోలుకొచ్చాడు. బండి ఇంకా గేటు దాటలేదు. కన్నారావు పీట మీంచి లేవకుండానే, "పైవి నవ్వుతన్నాయి గానీ కిందివి ఏడుత్తన్నాయి నాయనా" అన్నాడు. ఆ బండాయన అప్పట్నించీ కన్నారావుకి దండం పెట్టకుండా షెడ్డులోకి వచ్చేవాడు కాదు. కన్నారావుకి పొలం లేదు, పుట్ర లేదు. ఆ పీటే ఉంది. ఆ పీట మీద కూర్చుని మాట చెబితేనే ఆయన కన్నారావు. దిగితే సంత రోజున తోవకి అడ్డంగా నిలబడ్డ ఒక ముసలాయన, అంతే.

ప్రకటన విన్నాడు గానీ ఆయనకి అందులో భయపడాల్సింది ఏమీ కనబడలేదు. టీవీ అంటే సీరియల్ చూసుకునేదే కదా అనుకున్నాడు. పైగా ఆ సాయంత్రమే నానాజీ గారు స్వయంగా పీట దగ్గరికి వచ్చారు.

"మావా, వైజాగు నుంచి మూడు టీవీలు తెత్తన్నారు. అందులో ఒకటి ఏరాలి. రంగు చూడ్డంలో నీ అంత కన్ను జిల్లాలో ఎవలికుంది? నువ్వే ఏరు."

కన్నారావుకి ఏనుగెక్కినంత అయింది. "నాకు టీవీల సంగతి ఏటి తెలుస్తది బాబూ?"

"రంగే కదా మావా. బెల్లమయితేనేటి, టీవీ అయితేనేటి."

అంతటి మాట ఎంతమంది నాయకులు అనగలరు. మనిషి కన్ను నమ్మొద్దని పొద్దున చెప్పి, ఏ టీవీని నమ్మాలో తేల్చడానికి సాయంత్రానికి ఒక మనిషి కన్నునే నమ్మడం మామూలు వాళ్ళకి చేతకాదు.

*

మర్నాడు మూడు టీవీలూ వచ్చాయి. షెడ్డు గోడకి వరసగా ఆనించి నిలబెడితే పెళ్ళిచూపులకి కూర్చున్న ముగ్గురు అక్కచెల్లెళ్ళలా ఉన్నాయి. వాటితో మోహిత్ అని ఒక ఇంజినీరు వచ్చాడు. మెళ్ళో కార్డు, చేతిలో లాప్‌టాపు, మాటకి ముందు ఒక సారు, మాటకి వెనక ఒక సారు.

"సార్, ముందు బేసిక్స్ చెప్తాను సార్. ఈ తెరకి సొంతంగా వెలుగు ఉండదు. దీని వెనకాల ఎల్ఈడీ లైట్లుంటాయి. వెనక నుంచి వెలుగు వస్తేనే ముందు బొమ్మ కనిపిస్తుంది. దాన్ని బ్యాక్‌లైట్ అంటారు సార్."

"అర్థమయింది," అన్నారు నానాజీ గారు. "మా పార్టీలోనూ అంతే."

"ఈ మొదటి మోడల్‌కి వెనకాల అంతటా లైట్లే సార్, జోన్లు జోన్లుగా. బొమ్మలో నలుపు ఎక్కడుంటే అక్కడి జోను ఆరిపోతుంది. లోకల్ డిమ్మింగ్ అంటారు సార్."

"ఎవలి జోను ఆర్పాలో ఎవలు సెప్తారు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు సార్. అదే చూసుకుంటుంది."

నానాజీ గారి మొహం కొంచెం చిన్నదైంది. కార్యదర్శి వేపు ఒరిగి, "మనం సెప్పకుండా ఒకలి జోను ఆర్పీసే వస్తువు, రేపు మన జోను ఆర్పీదని నమ్మకమేటండీ?" అన్నారు. దేవీప్రసాద్ నోటు పుస్తకంలో రాసుకున్నారు. రాజకీయంగా ఆ టీవీ పని అక్కడికే అయిపోయింది. అయినా పద్ధతి ప్రకారం కన్నారావు కూడా చూడాలి.

కన్నారావు పంచె ఎగ్గట్టి దగ్గరికి వెళ్ళాడు. తెర మీద వేలి కణుపుతో టకటక కొట్టాడు. అంచున బొటనవేలి గోరు గుచ్చి చూశాడు. మోహిత్‌కి పై ప్రాణం పైనే పోయింది.

"అంకుల్, తెరని గుచ్చకూడదు."

"గట్టిదనం సూడొద్దేటి? మధ్యలోకి పగలగొట్టి లోపల సూపించు నాయనా. పైన రంగేసి లోపల మడ్డి పెట్టీవోళ్ళని సానా మందిని సూసేను."

పగలగొట్టడం కుదరదని, కంపెనీ ఒప్పుకోదని మోహిత్ బతిమాలుకున్నాడు. పోనీలే అని కన్నారావు వాసన చూసి సరిపెట్టుకున్నాడు. అప్పుడు మోహిత్ మూడు టీవీల్లోనూ ఒకటే బొమ్మ పెట్టాడు. అమావాస్య ఆకాశం, అందులో చుక్కలు.

మొదటి టీవీలో ఆకాశం కాటుకలా ఉంది. చుక్కలు వేరుసెనగ గింజలంత కనబడుతున్నాయి. మోహిత్ గర్వంగా నిలబడ్డాడు. కన్నారావు పెదవి విరిచాడు.

"నలుపు బాగా దిగిపోనాది. పాకం మాడిన సరుకు. మూడో రకం."

రెండో టీవీలో ఆకాశం కొంచెం తేలింది. "రెండో రకం," అన్నాడు.

మూడో దాంట్లో అమావాస్య కాస్తా తెల్లవారుజాములా ఉంది. ఆకాశం బూడిద రంగు, దాని మీద చుక్కలు ఉన్నాయో లేవో వెతుక్కోవాలి. దీనికి లైట్లు అంచులకే ఉంటాయనీ, వెలుగు అంతటా కారిపోతుందనీ, అందుకే నలుపు నల్లగా రాదనీ, ఇది అన్నిట్లోకీ చవక మోడలనీ మోహిత్ నిజాయితీగానే చెప్పాడు. కన్నారావు వినలేదు. ఆ తెర ముందు రెండు నిమిషాలు అలా నిలబడిపోయాడు.

"ఇదీ రంగంటే. ఎక్కడైనా వీసమెత్తు నలుపుందేటో సూపించండి. ఫస్టు రకం."

"అంకుల్, టీవీకి అలా చూడకూడదు. నలుపు నల్లగా ఉంటేనే తెలుపు తెల్లగా తెలుస్తుంది. దాన్నే కాంట్రాస్ట్ అంటారు. అది ఉన్న టీవీయే మంచి టీవీ."

"నలభయ్యొక్క ఏళ్ళ బట్టి ఈ పీట మీద కూకున్నాను నాయనా. నలుపుకి ఎప్పుడూ మొదటి రకం ఇవ్వలేదు. నువ్వు సెప్పేవని ఇప్పుడిత్తే రేపు నాకెవలైనా దిమ్మ సూపిత్తారేటి?"

షెడ్డులో ఉన్న రైతులూ వర్తకులూ హమాలీలూ అంతా ఔనన్నారు. బెల్లం మీద పుట్టి పెరిగిన ఊరికి నలుపును మెచ్చుకోమని ఎవరు చెబితే మాత్రం ఎక్కుతుంది. మోహిత్ ఒక్కడే ఒక పక్క, ఊరంతా ఒక పక్క. నానాజీ గారు కన్నారావు భుజం తట్టి మూడో టీవీ ఖాయం చేశారు. "బ్యాక్‌లైటు నూటికి నూరు పెట్టండి. తగ్గించడానికి వీల్లేదు," అని ఆజ్ఞ ఇచ్చారు. ఎవరైనా తగ్గిస్తారేమోనని దేవీప్రసాద్ రిమోటును ఇనప బీరువాలో పెట్టి తాళం వేశారు. మరీ బాధ్యత గల ఆఫీసరు.

*

సోమవారం నాడు కన్నారావు ఎప్పట్లాగే ఏడింటికి వచ్చాడు. ఆయన మూలలో పీట లేదు. అక్కడ బల్ల, బల్ల మీద దిమ్మ పెట్టే పళ్ళెం, దాని పైన కెమెరా ఉన్నాయి. పక్కనే మూడు రోజుల్లో రేకులతో నిలబెట్టిన ఏసీ హాలు, హాల్లో గోడకి ఆయన ఏరిన టీవీ. కిటికీలకి నల్ల పరదాలు వేలాడదీశారు. మండలిలో మిగిలిన నలుపు అదొక్కటే.

"నా పీటేది బాబూ?"

దేవీప్రసాద్ ఎంతో మర్యాదగా లేచి నిలబడ్డారు. "స్టోరులో భద్రంగా ఉంచామండీ. మీ సేవల్ని మండలి వదులుకోదు. మీకు కొత్త హోదా ఇచ్చాం. స్క్రీన్ సపోర్ట్ అసిస్టెంట్." అని పసుపుపచ్చ మెత్తటి గుడ్డ ఒకటి చేతికిచ్చారు. గంటకోసారి టీవీ తెర తుడవాలి. నీళ్ళు తగలకూడదు.

కన్నారావు ఆ గుడ్డ వేపు చూశాడు. తరవాత టీవీ వేపు చూశాడు. తుడిచాడు.

వేలం మొదలైంది. ముందుగా తుమ్మపాల మహాలక్ష్మమ్మ దిమ్మ వచ్చింది. ఆవిడ మొగుడు పోయినా రెండెకరాల చెరుకూ తనే పండించి, గానుగ దగ్గర పెనం పక్కన తనే నిలబడి మడ్డి తీయించే మనిషి. మందు కలపకుండా ఆ రంగు తేవడం ఆ చుట్టుపక్కల ఆవిడకొక్కతెకే వచ్చు. ఆవిడ దిమ్మ తెర మీద పడగానే బంగారంలా ఉంది. "ఫస్టు రకం," అని దేవీప్రసాద్ గంట కొట్టారు.

రెండోది చూస్తే, దిమ్మ అని కాదు, రోడ్డు వేసే తారు ముద్ద అనుకోవాలి. హమాలీ దాన్ని పళ్ళెంలో పెట్టడానికి కూడా సిగ్గుపడ్డాడు. కెమెరా కింద పెట్టేసరికి తెర మీద అది కూడా బంగారమే అయింది. "ఫస్టు రకం." గంట.

మహాలక్ష్మమ్మ లేచింది.

"ఓ ఆఫీసరు బాబూ, ఇదేటి? నా దిమ్మా ఆ బొగ్గూ ఒక్కలగే కనబడతన్నాయేటి?"

"సమానత్వం అమ్మా," అన్నారు దేవీప్రసాద్. "ఇన్నాళ్ళూ రంగు పేరుతో కొన్ని దిమ్మలకి అన్యాయం జరిగింది."

"మరి రాత్రీ పగలూ పెనం కాడ మాడిపోయి మడ్డి తీసినదాన్ని, నాకేటి జరిగినట్టు?"

అది టెక్నికల్ ప్రశ్న కాదని కార్యదర్శి గారు తరవాతి దిమ్మకి గంట కొట్టారు.

సాయంత్రానికి నాలుగు వందల దిమ్మలు అమ్ముడయ్యాయి. నాలుగు వందలూ ఫస్టు రకమే. అన్నీ ఒకే రకం అయ్యాక ధర కూడా ఒకటే ఉండాలి కదా అని వర్తకులు న్యాయంగా మాట్లాడుకుని, మూడో రకం ధర ఖాయం చేశారు. వాళ్ళెవరూ టీవీని పల్లెత్తు మాట అనలేదు. లారీ ఎక్కించే ముందు వెనక సందులో గోనె అడ్డం కట్టి, దిమ్మలు ఎండలో పెట్టి మళ్ళీ ఏరుకునేవారు.

నెల తిరిగేసరికి జిల్లాలో మూడో రకం బెల్లం సున్నా అయిందని నానాజీ గారు పైకి రిపోర్టు పంపారు. సారా కాయడానికి వాడే నల్లబెల్లాన్ని పూర్తిగా నిర్మూలించిన తొలి జిల్లా. ఎవరూ అరెస్టు కాలేదు, ఒక్క పొయ్యి ఆరలేదు. ఇంత శాంతియుతంగా నిర్మూలన జరగడం చూసి ముచ్చటపడి, తీపి పదార్థాల శాఖా మంత్రి గారు స్వయంగా వస్తామని కబురు చేశారు.

మంత్రి రావడానికి ముందు రోజు నానాజీ గారు కన్నారావుని గదిలోకి పిలిచి కుర్చీ వేయించారు.

"మావా, రేపు మంత్రిగారి ముందు నిన్ను నిలబెడతాను. టీవీ సూసి ఫస్టు రకం అని ఒక్క మాటను. నలభయ్యొక్క ఏళ్ళ మనిషి అన్నాడంటే ఆ విలువ వేరు. నాకు ఇంకో మూడేళ్ళు పొడిగింపు వత్తాది. నీ పీట నీకు ఇప్పించీ పూచీ నాది."

"ఏ మూల ఏయిత్తారు బాబూ?"

"నీ పాత మూలే మావా. కెమెరా కాత్త జరుపుతాం."

కన్నారావు ఆ మధ్యాహ్నం తెరని రెండుసార్లు తుడిచాడు. ఇంటికెళ్ళి భార్య లోవలక్ష్మితో చెప్పాడు. ఆవిడ చేపల పులుసు పొయ్యి మీంచి దించుతూ, "ఒక్క మాటే కదా. అనీయ్. నెల్లాళ్ళ బట్టి నువ్వు ఇంట్లో నా గిన్నెలన్నిటికీ రకాలు సెప్తన్నావు, సచ్చిపోతన్నాను," అంది.

*

మంత్రి గారు పదకొండింటికి వచ్చారు. తెల్లటి ఖద్దరు, తెల్లటి చెప్పులు, తెల్లటి కారు. ఆయన కార్యక్రమంలో రెండు పనులున్నాయి. బెల్లం టీవీ చూడడం, ఆ షెడ్డు వెనకే ఉచిత కంటి వైద్య శిబిరం ప్రారంభించడం. రెండింటికీ కలిపి ఒకే పూలదండ తెప్పించారు.

హాలు నిండిపోయింది. నానాజీ గారు మాట్లాడుతూ, చరిత్రలో ఎందరో చీకటిని పారదోలతామన్నారు గానీ అంచున లైట్లు పెట్టి పారదోలింది మనమేనన్నారు. చప్పట్లు. తరవాత, ఆ రోజుకని హాల్లోకి జరిపించిన పళ్ళెంలో నమూనాకి ఒక దిమ్మ పెట్టమన్నారు.

మంచి దిమ్మ ఒకటి దేవీప్రసాద్ ముందే సిద్ధం చేసి ఉంచారు. అది పళ్ళెంలోకి వచ్చేలోగా మహాలక్ష్మమ్మ చంకలోంచి ఇంకొకటి దించి అందులో పెట్టేసింది. అది అంతకు ముందు వారం ఫస్టు రకంగా గంట కొట్టించుకుని, కొనేవాడు లేక షెడ్డులోనే పడి ఉన్నదే. అంత నల్లటి దిమ్మ కన్నారావు కూడా తన జన్మలో రెండు మూడుసార్లే చూసి ఉంటాడు. తెర మీద మాత్రం పసిడి ముద్ద.

"అద్భుతం," అన్నారు మంత్రి గారు తెర వేపు చూసి.

"ఇటు కూడా ఓ సారి సూడు బాబూ, పళ్ళెంలోకి," అంది మహాలక్ష్మమ్మ. మంత్రి గారు అటు చూడబోయారు. నానాజీ గారు గబుక్కున అడ్డం వచ్చారు.

"మనమెందుకు సార్ సూడ్డం. నిపుణుడున్నాడు. నలభయ్యొక్క ఏళ్ళ అనుభవం. ఈ టీవీని ఏరింది కూడా ఆయనే. కన్నారావు మావా, ఇలా రా. మంత్రి గారికి ఏ రకమో సెప్పు."

కన్నారావు పసుపు గుడ్డ భుజాన వేసుకుని ముందుకొచ్చాడు. నోట్లో ఫస్టు రకం అన్న మాట తయారుగానే ఉంది. తెర వేపే చూసి అనేద్దామనుకున్నాడు. పొద్దుటినుంచీ అదే వల్లించుకుంటున్నాడు. కానీ అలవాటున చెయ్యి దిమ్మ మీదకి పోయింది. కణుపుతో కొట్టాడు. గోరు గుచ్చాడు. ముక్కు దగ్గరికి తెచ్చుకున్నాడు. ఆ పని అంతా అయ్యాక నోరు ఆయన మాట వినలేదు.

"మూడో రకం బాబూ. మూడో రకంలో కూడా అడుగుది."

గంట కొట్టబోయిన దేవీప్రసాద్ చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అదేటి మావా," అన్నారు నానాజీ గారు నెమ్మదిగా. "టీవీ సూడు."

"సూసేను బాబూ. రోజూ తుడుత్తన్నాను కదా. అందులో బాగుంది. ఇది నల్లగా ఉంది."

మంత్రి గారు నానాజీ గారిని చూశారు. నానాజీ గారు దేవీప్రసాద్‌ని చూశారు. దేవీప్రసాద్ ఊరికే ఆఫీసరు కాలేదు. మంత్రి చెవి దగ్గర వంగి, "వయసు సార్. చూపు పోయింది. పాపం, అన్నీ నల్లగా కనిపిస్తున్నాయి," అన్నారు.

మంత్రి గారి కళ్ళు చెమర్చాయి. ఆయనది అంత మెత్తటి మనసు. కన్నారావు భుజం మీద చెయ్యి వేసి, "పెద్దాయనా, నువ్వు బాధపడకు. ప్రభుత్వం నీ కళ్ళు బాగు చేయిస్తుంది. ఈ రోజే. ఇప్పుడే," అన్నారు. ఫొటోలు తీశారు. హాలు చప్పట్లతో మారుమోగింది. ఇంత పెద్ద తప్పు చేసిన మనిషిని కూడా ఇంత దయగా చూడ్డం మన దగ్గరే సాధ్యం.

కన్నారావుని అటొకరూ ఇటొకరూ పట్టుకుని వెనక శిబిరానికి తీసుకెళ్ళారు. అక్కడ డాక్టరమ్మ పెద్ద అక్షరాలు చదివించింది, చిన్న అక్షరాలు చదివించింది. చదువు రాకపోయినా ఆయన ఆ గీతలు ఎటు తిరిగి ఉన్నాయో అన్నీ చెప్పేశాడు.

"ఈయన కళ్ళు శుభ్రంగా ఉన్నాయండీ," అంది డాక్టరమ్మ.

"మంత్రి గారు ట్రీట్‌మెంట్ ఇమ్మన్నారు మేడమ్," అన్నారు దేవీప్రసాద్. "ప్రెస్ బయట ఉంది."

ఏం చేస్తుంది ఆవిడ మాత్రం. ఎలాగూ లోపలి నరం కూడా చూడాలి కదా అని రెండు కళ్ళలోనూ పాప విప్పారే చుక్కల మందు రెండుసార్లు వేసింది. అరగంట కళ్ళు మూయించి కూర్చోబెట్టారు. తెరిచేసరికి కన్నారావుకి లోకమంతా తెల్లబారిపోయి ఉంది. ఎండ కళ్ళలోకి కారిపోతోంది. షెడ్డు రేకులు వెలుగు, మనుషులు వెలుగు, నీడలు కూడా బూడిద రంగే.

నానాజీ గారు పత్రికల వారి ముందు అదే నల్ల దిమ్మను ఆయన మొహం దగ్గర పెట్టారు.

"మావా, ఇప్పుడు సెప్పు. ఏ రకం?"

కన్నారావు కళ్ళు చికిలించాడు. ఎంత వెతికినా నలుపు దొరకలేదు. "ఏటోనండీ. తెల్లగానే ఉంది. ఫస్టు రకంలాగుంది."

"ట్రీట్‌మెంట్ సక్సెస్," అన్నారు దేవీప్రసాద్. ఫోన్లన్నీ ఒకేసారి పైకి లేచాయి. అధ్యక్షుల వారి పదవి మూడేళ్ళు పొడిగించినట్టు మంత్రి గారు అక్కడికక్కడే ప్రకటించి, మెళ్ళో దండ తీసి ఆయన మెళ్ళో వేశారు.

*

మంత్రి గారు కారెక్కారు. కారు కదల్లేదు. అయిదు నిమిషాలయ్యాక ఆయన పీఏ ధనరాజు గారు దిగి, నానాజీ గారిని షెడ్డు చాటుకి తీసుకెళ్ళారు.

"నాలుగు దిమ్మలు కావాలండీ. సార్ ఇంటికి. మేడమ్ గారు ఇప్పుడే ఫోన్ చేశారు. పోయినసారి ఎవరో ఇచ్చిన బెల్లం నల్లగా ఉండి పరమాన్నం పాడైందట. ఈసారి మంచివి తేకపోతే సార్‌ని ఇంట్లోకి రానివ్వనన్నారు."

"దానికేటి సార్. ఇక్కడన్నీ ఫస్టు రకమే. టీవీలో సూసి ఏ నాలుగైనా..."

ధనరాజు గారు ఆయన్ని ఆపారు. "టీవీ వద్దని సార్ ప్రత్యేకంగా చెప్పారు. చేత్తో పట్టుకుని చూసే మనిషి కావాలన్నారు. ఇందాక ఆ పెద్దాయన ఉన్నాడే, ఆయన్ని చూడమనండి."

నానాజీ గారు గోడౌన్ తెరిపించారు. అక్కడ వారం నుంచి పేరుకున్న దిమ్మలు, మంచివీ చెడ్డవీ కలిపి, ఒకే చీటీతో, ఒకే గోనెలో ఉన్నాయి. చీటీ మీద ఫస్టు రకం అని ఉంది. హమాలీలని అడిగితే, "మాకేటి తెలుస్తది బాబూ, చీటీ సూసుకోండి," అన్నారు. వర్తకులు సాయంత్రం వేలానికి వస్తామని అప్పటికే స్కూటర్లు స్టార్టు చేసుకుని సబ్బవరం వేపు పోయారు. మహాలక్ష్మమ్మని బతిమాలారు.

"నన్నడుగుతారేటి?" అందావిడ చెంగు నడుముకి దోపుకుంటూ. "అన్నీ సమానమే అన్నారు కదా. సమానమైనవి ఏరాలంటే నా వల్ల అవుద్దేటి. ఆ అన్నయ్యని అడగండి. మీరే కదా బాగు సేయించేరు."

కన్నారావుని తీసుకొచ్చారు. నాలుగు దిమ్మలు ముందు పెట్టారు. ఆయన కొట్టాడు, గుచ్చాడు, వాసన చూశాడు. గట్టిదనం చెప్పగలిగాడు, పాకం చెప్పగలిగాడు. రంగు దగ్గరికి వచ్చేసరికి తల అడ్డంగా ఊపాడు.

"నాకన్నీ తెల్లగానే కనబడతన్నాయి బాబూ. రంగు తెలీకుండా రకం సెప్పను."

ధనరాజు గారు వాచీ చూసుకున్నారు. డాక్టరమ్మని పిలిపించారు. ఆ మందు దిగడానికి ఎంతసేపు పడుతుందని అడిగారు. నాలుగు గంటలు, ఒక్కొక్కరికి అయిదు, అందావిడ. తొందరగా దిగేలా ఇంకేదైనా మందు వేయమన్నారు. అలాంటిది తన దగ్గర లేదంది. మంత్రి గారికి ఫోను వెళ్ళింది. యాభై అడుగుల దూరంలో కార్లో ఉన్న మంత్రి గారు ఫోన్లోనే చెప్పారు. ఆగుతాం, అని.

ఆగారు. పన్నెండు కార్లూ బెల్లం షెడ్డు ముందు ఏసీలు వేసుకుని ఆగాయి. నర్సీపట్నంలో మీటింగు రద్దు చేశారు. అక్కడ వీధి దీపం ప్రారంభించాల్సి ఉందట, అది పగలు వెలిగినా ఒకటే వెలక్కపోయినా ఒకటే అన్నారు. నానాజీ గారు స్టోరు తాళం తీయించి, బూజు దులిపి, కన్నారావు ముక్కాలిపీటను తన చేత్తో మోసుకొచ్చి వేపచెట్టు నీడలో వేశారు. ఆయన్ని కూర్చోబెట్టి, తను నేల మీద చతికిలబడ్డారు. మెళ్ళో దండ ఇంకా అలాగే ఉంది.

పదేసి నిమిషాలకోసారి ఆ నల్ల దిమ్మని కన్నారావు మొహం ముందు ఎత్తి పట్టుకునేవారు.

"ఇప్పుడెలాగుంది మావా?"

"తెల్లగానే ఉంది బాబూ."

"నల్లగా ఏటీ కనబడ్డం నేదా?"

"నేదు బాబూ."

"సరిగ్గా సూడు మావా. కాత్తయినా?"

"బూడిద రంగులోకి వత్తన్నాది."

నానాజీ గారు కారు వేపు తిరిగి చెయ్యి ఊపారు. "బూడిద రంగు వచ్చిందట సార్." కారులోంచి ధనరాజు గారు బొటనవేలు చూపించారు.

మూడు దాటింది. నాలుగు దాటింది. కన్నారావు కళ్ళు తుడుచుకుంటూ, నీడ ఎటు పోతే పీట అటు జరుపుకుంటూ కూర్చున్నాడు. నాలుగుంపావుకి నానాజీ గారు మళ్ళీ దిమ్మ ఎత్తారు. అది పది కిలోల పైమాటే. కన్నారావు చాలాసేపు చూశాడు.

"నల్లగా ఉంది."

"ఏటీ?"

"నల్లగా ఉంది బాబూ. మూడో రకం. అడుగుది."

అధ్యక్షుల వారికి దుఃఖం ఆగలేదు. దిమ్మని గుండెకి హత్తుకుని, "కనబడతందట సార్. నల్లగానే కనబడతందట," అని కార్ల వేపు కేక పెట్టారు. డ్రైవర్లు, పోలీసులు, పీఏలు అందరూ దిగి చప్పట్లు కొట్టారు. మంత్రి గారు అద్దం దించి రెండు చేతులూ జోడించారు.

ఆ చప్పట్లలోనే దేవీప్రసాద్ ఏసీ హాల్లోంచి పరిగెత్తుకొచ్చారు. లోపల సాయంత్రం వేలం మొదలైంది.

"సార్, ఆ దిమ్మ ఇటివ్వండి. దాని వంతు వచ్చింది."

నానాజీ గారు ఇచ్చేశారు. దిమ్మ లోపలికి వెళ్ళింది. కాసేపటికి పరదాల వెనక నుంచి గంట కొట్టిన చప్పుడు, ఫస్టు రకం అన్న కేక వినిపించాయి. కన్నారావు అటు తల తిప్పబోయాడు.

"అటు సూడకు మావా," అన్నారు నానాజీ గారు, ఆయన గడ్డం పట్టుకుని మెల్లగా ఇటు తిప్పుతూ. "మళ్ళీ కళ్ళు పాడైపోతాయి. ఇదిగో, మంత్రిగారివి నాలుగు దిమ్మలు. బేగి సూడు."